నీళ్లలోంచి తిరిగొచ్చిన పటం

విశాఖ పాతనగరంలో ఓ పాడుబడ్డ నాటకశాల ఉంది. దాని వెనక గోడ కిందే సముద్రం. ఆ మేడ మీద నుంచి ఏజెంట్ ప్రశాంత్‌ని ఎవరో తోసేశారు. శవం దొరకలేదు. పడబోయే ముందు అతను పంపిన మెసేజ్‌లో మూడే ముక్కలు: "వరంగల్. పటాలు. కర్రలో."

వారం తర్వాత ఏజెంట్ మహిపాల్ చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ సుందర్ రావు గొంతు వినిపించింది.

"కథలు చెప్పే పాత బొమ్మల పటాలు, పన్నెండు. ప్రతిదానికీ చుట్టే కర్ర ఉంటుంది. ఒక కర్రలో మెమొరీ కార్డ్ ఉంది. సరిహద్దు అవతల మనకోసం పనిచేసే పంతొమ్మిది మంది పేర్లు, అడ్రస్‌లు అందులోనే."

"అన్నీ విప్పేస్తే?"

"విదేశీ కల్చరల్ సెంటర్ ఆస్తి. ఒక్కటి తప్పుగా విరిచావా, రెండోది ముట్టుకోనివ్వరు. సాయంత్రం ఐదుకి సీల్ వేస్తారు. ఆ తర్వాత డిప్లొమాటిక్ కార్గో. పంతొమ్మిది మందినీ మర్చిపోవడమే. లోపల మన మనిషి ఉంది. జెస్సికా, క్యూరేటర్."

వరంగల్ కోటలో పాత మహల్. పటాల ప్రదర్శనకి ఇదే చివరి రోజు. మాసిన గడ్డం, మెడలో కెమెరా, ఆర్ట్ మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ వేషం. మహిపాల్‌కి నిద్ర పట్టి వారమైంది. విశాఖ వెళ్లాల్సింది నిజానికి తనే. జ్వరమొచ్చి ప్రశాంత్‌ని పంపాడు. ఇప్పుడు ఏ స్తంభం చాటున చూసినా తడి చొక్కాతో ప్రశాంత్ నిలబడి ఉన్నట్టే ఉంటోంది. ఆ తప్పు తనదేనని మహిపాల్ గట్టిగా నమ్ముతున్నాడు.

కెమెరాలో దాచిన స్కానర్ పన్నెండు కర్రల దగ్గరా బీప్‌మంది. అన్నిటికీ ఇనప మేకులే. గవర్నమెంటు గాడ్జెట్ మరి!

నాలుగూ నలభై. నల్ల పట్టుచీరలో జెస్సికా పక్కకొచ్చి నిలబడింది. హాల్లో సగం మంది పటాలు వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"సున్నం ఎక్కువైనట్టుంది," అన్నాడు మహిపాల్.

"చింతగింజలు తక్కువయ్యాయి." కోడ్ సరిపోయింది. "మూడోది. కర్రలో పెట్టడం నా కళ్లతో చూశాను."

మహిపాల్ మూడో పటం వైపు కదిలాడు. అప్పుడే డోలు మోగింది. ముగింపు కథ చెప్పడానికి పిలిపించిన ముసలి కళాకారుడు కొమురెల్లి, గోడ వెంబడి నడుస్తూ ఒక్కో బొమ్మనూ చూస్తూ పాడుతున్నాడు. ఏడో పటం ముందుకొచ్చేసరికి పాట ఆగిపోయింది. బొమ్మలు చూపించే బెత్తం చేతిలోంచి జారిపోయింది. తలపాగా తీసేసి, చావింట్లో కూర్చున్నట్టు నేల మీద కూలబడ్డాడు.

మహిపాల్ పరిగెత్తాడు. "ఏమైంది తాతా?"

"గిది సచ్చిపోయింది బిడ్డా."

"పటం సచ్చిపోవుడేంది?"

"రంగు రాలి, బట్ట పిగిలితే దానికి ఆయుష్షు తీరినట్టే. మనిషి లెక్కనే సాగనంపుతం. మా అయ్య నలభై ఏండ్లు దీంతోనే కథ జెప్పిండు. పోయినేడు మేమే గోదాట్ల కలిపినం. పదకొండో దినం బువ్వలు గూడ పెట్టినం." ముసలాయన కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు. "నీళ్లల్ల పోయింది మళ్ల గోడ మీదికెట్లొచ్చింది?"

మహిపాల్ వంగి చూశాడు. పటం కింది అంచున నీటి మరక ఉంది. సొంతదారు దగ్గర కొంటే కొన్నవాడి పేరు బయటికొస్తుంది. అందుకే కార్డ్ దాచడానికి, అడిగేవాళ్లెవరూ లేని పటం కోసం ఎవరో నదిలో వల వేశారు.

నాలుగూ యాభై ఎనిమిది. సీల్ వేసే ఆఫీసర్ లక్క కరిగిస్తున్నాడు.

"అటు కాదు, మూడోది!" జెస్సికా గొంతు పెరిగింది.

ఒక పక్క ట్రైనింగ్ పొందిన ఏజెంట్ మాట. ఇంకో పక్క ఓ ముసలాయన భయం. మహిపాల్ భయాన్నే నమ్మాడు. ఏడో పటాన్ని లాగి కర్రను మోకాలి మీద విరిచాడు. కార్డ్ టక్కున నేల మీద పడింది.

జెస్సికా జడలోంచి పిన్ తీసింది. చిన్న చప్పుడు. మహిపాల్ పటాన్ని అడ్డం పెట్టాడు. విషపు సూది బొమ్మలోని వీరుడి గుండెలో దిగబడింది. జనంలో కలిసి నిలబడ్డ మఫ్టీ పోలీసులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

"ప్రశాంత్‌ని తోసింది నువ్వేనా?"

"అతను నన్ను నమ్మాడు," అంది జెస్సికా. "నువ్వు నమ్మలేదు. అంతే తేడా."

ఆ మాటకి మహిపాల్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అరగంట తర్వాత చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"పంతొమ్మిది మందీ సేఫ్ సార్. నాకు పదకొండు రోజులు సెలవు కావాలి. చావు."

"ఎవరు పోయారు?"

"పటం సార్. దాన్ని మళ్లీ మొదటి నుంచి సాగనంపాలట. నన్నూ కూర్చోమన్నాడు కొమురెల్లి తాత. ప్రశాంత్‌కి మనం ఆ మాత్రం కూడా చేయలేదు. అతని పేరు కూడా చెప్పుకుంటాం."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఫారంలో చనిపోయినవారితో సంబంధం ఏమిటో రాయాలి," అన్నాడు చివరికి సుందర్ రావు.

"నాకు దిగాల్సిన సూది తను తీసుకుంది సార్. ఏం రాయమంటారు?"

"పెదనాన్న అని రాయి. ఫొటో మాత్రం జత చేయకు."