నలభై రెండు దగ్గర

బడి గంటకు ఇంకా గంటన్నర ఉంది. వంటింటి బల్ల మీద పలక, పలకకు ఇటు ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే మనవరాలు, అటు నాన్నమ్మ. ముప్ఫై రెండేళ్ళు చిన్న తరగతులకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఈ రోజు భాగహారం పరీక్షలో తప్పితే పిల్లను మళ్ళీ మూడో తరగతిలోనే కూర్చోబెడతామని బడి నుంచి కబురొచ్చింది. “నా మనవరాలు తప్పదు” అని ఆవిడ హెడ్మాస్టరు ముఖం మీదే చెప్పి వచ్చింది.

“నలభై రెండు గుండీలు. చొక్కాకి ఆరు. ఎన్ని చొక్కాలకి వస్తాయి?”

పిచ్చుక కళ్ళు మూసుకుని అందుకుంది. “ఆరొకట్ల ఆరు, ఆరు రెళ్ళ పన్నెండు...” గొంతు ఎక్కడా తడబడలేదు. ఆరేళ్ళ నలభై రెండు దాటింది, యాభై నాలుగు దాటింది. ఆరు పదుల అరవై దగ్గర ఊపిరి పీల్చుకుని కళ్ళు తెరిచింది.

“ఎన్ని చొక్కాలే?”

“పది.”

ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ పదే.

“ఎక్కం అంత చక్కగా అప్పజెప్తావు, లెక్క దగ్గరికొచ్చేసరికి ఏమైంది నీకు? మళ్ళీ చెప్పు. మొదట్నించీ.”

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది. మెడలో టేపుతోనే కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఆ కుట్టుపని కొడుకుది. అతను పోయిన ఈ పది నెలలుగా ఆమే చూసుకుంటోంది.

“పొద్దున్నించీ పిల్ల ప్రాణం తోడేస్తున్నారు, అత్తయ్యా.”

“నువ్వెళ్ళి కుట్టుకో తల్లీ. లెక్కల సంగతి నాకొదిలెయ్.”

“వదిలాను కాబట్టే ఇలా ఉంది. మీరు దాన్ని ఆగనివ్వరు.”

“నేనా?”

“ఎక్కం మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నించీ చెప్పించేదెవరు? నలభై రెండు దగ్గర ఆగితేగా, అది ఏడు అని చెప్పేది!”

“ఆగితే కోప్పడతావుగా, నాన్నమ్మా,” అంది పిచ్చుక సన్నగా.

ఈ బల్ల దగ్గరే కొడుకును కూర్చోబెట్టిన రోజులు ఆవిడ కళ్ళ ముందు మెదిలాయి.

“వాడూ ఇలాగే అరవై దాకా పోయేవాడు,” అంది ఆవిడ. “మొద్దు అన్నాను. నీకు చదువెందుకురా, కత్తెర పట్టుకో అన్నాను.”

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. “గుండీలు లెక్కపెట్టేటప్పుడు ఆయన ఈ ఎక్కమే పాడేవారు, అత్తయ్యా. కావలసిన చోట టక్కున ఆపేసి, వంటింటి వైపు చూసి, ‘మా అమ్మ వినలేదు కదా’ అని నవ్వేవారు.”

ఆవిడ కొంగుతో పలక తుడిచింది. తుడిచిన చోటే ఇంకా తుడుస్తూ ఉండిపోయింది. తరువాత గడియారం చూసి, పిల్ల కుర్చీని దగ్గరకు లాక్కుంది.

“నలభై అయిదు గుండీలు. చొక్కాకి ఆరు. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగు. నేనేమీ అనను.”

పిచ్చుక ఈసారి కళ్ళు తెరుచుకునే మొదలుపెట్టింది. నలభై రెండు దగ్గర నాన్నమ్మ ముఖంలోకి చూసి నోరు మూసేసింది. నలభై ఎనిమిది ఆవిడ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టింది.

“ఏడు చొక్కాలు. మూడు గుండీలు మిగిలాయి.”

“ఒప్పు,” అంది ఆవిడ. “ఇప్పుడు యాభై గుండీలు. ఊఁ, కానియ్యి. ఆగడం అలవాటు కావాలి, నీకూ నాకూ.”