విద్యావతి గారి ముందుగది

"మా ఇంటి మీద తుపాకీ పేల్చారమ్మా," అంది విద్యావతి. డిటెక్టివ్ ఆఫీసులో ఇంకా కుర్చీలోనైనా కూర్చోలేదు.

ఆవిడ రిటైరైన డాక్టరు, ఉండేది నగర శివారు ట్రుగనీనాలో. వాళ్ల వీధుల్లో కాల్పులు ఎక్కువయ్యాయని, పోలీసులతో కలిసి కెమెరాలు పెట్టించడానికి ఇరుగుపొరుగుని కూడగడుతోంది. నిన్న సాయంత్రం ముందుగది కిటికీలోంచి తూటా దూసుకొచ్చింది. దాంతో శనివారం మీటింగుకి రామని అందరూ ఫోన్లు చేశారు.

డిటెక్టివ్ నీరజ వెంటనే లేచింది. ఆమె కళ్లకి కనిపించేవి తనకెందుకు కనిపించవా అని ఎప్పుడూ ఆశ్చర్యపోయే అసిస్టెంటు జయంత్ కారు తీశాడు.

ఇల్లు రోడ్డుకన్నా కాస్త ఎత్తులో ఉంది. కిటికీ అద్దంలో చిల్లు జయంత్ ఛాతీ ఎత్తున ఉంది. లోపలి గోడకి తూటా దిగిన చోటు మోకాలి ఎత్తునే ఉంది. నీరజ రెండిటి ఎత్తూ కొలుచుకుంది.

ఎదురుగా విష్ణువర్ధన్‌ది మేడ ఇల్లు. "మొక్కలకి నీళ్లు పెడుతున్నానండీ. తెల్లకారు స్లో అయింది, అందులోంచి కాల్చి వెళ్లిపోయారు."

"అప్పుడు మీ ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది నీరజ.

"నేనొక్కణ్ణే. పోలీసుల్ని పిలిస్తే ఇలాగే అవుతుందని ఆంటీకి ముందే చెప్పాను."

పక్కింటి సుందరరామయ్య తలుపు సగమే తెరిచాడు. "మనకెందుకమ్మా ఇవన్నీ?"

శనివారం విద్యావతి ఇంటింటికీ వెళ్లి అందర్నీ అదే ముందుగదికి పిలుచుకొచ్చింది. పోలీసుల తరఫున సార్జెంట్ బ్రెన్నన్ కూడా వచ్చింది.

"కారులోంచి కాలిస్తే తూటా పైకి పోవాలి," అంది నీరజ. "ఇది కిందికి దిగింది. అంటే ఎదురుగా ఉన్న మేడ మీంచి వచ్చింది. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నది మీరొక్కరే, విష్ణువర్ధన్ గారూ. లేని కారుని ఎందుకు చూశారు?"

 జవాబు సార్జెంట్ చెప్పింది. నీరజ మాట మీద, అతను మీటింగుకి వచ్చాక పోలీసులు వారంటుతో వెళితే అతని గరాజ్‌లో తుపాకులు దొరికాయి. ఒక ముఠాకి దాచిపెడుతున్నాడు. కెమెరాలొస్తే వచ్చేపోయేవాళ్లు బయటపడతారని భయం.

"నన్ను తీసుకెళితే అయిపోతుందా?" అన్నాడు విష్ణువర్ధన్. "సాక్ష్యం చెప్పేవాళ్ల ఇళ్లు ఆ ముఠావాళ్లకి తెలుసు."

గదిలో ఎవరూ కదల్లేదు. 

సుందరరామయ్య లేచాడు. "ఆ గరాజ్‌కి వచ్చేవాళ్ల మొహాలు నేను చూశాను సార్జెంట్. రాసుకోండి."

వెనకాల ఆ వీధిలోనే ఉండే తేజస్విని లేచింది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. విష్ణువర్ధన్‌ని బయటికి తీసుకెళుతున్నా ఎవరూ తల తిప్పి చూడలేదు.

"నా పేరు చాలా పొడుగు," అంటున్నాడు సుందరరామయ్య, ఒక్కో అక్షరం విడదీసి పలుకుతూ. "నిదానంగా రాసుకోండి. తప్పు రాకూడదు."