ఒక్క టిక్కెట్టూ క్లోజ్ చెయ్యని అమ్మాయి

మేనేజరు కుర్చీలో కూర్చున్న మొదటి రోజునే ఆ టెస్టరమ్మాయి అతని పనిని వెనక్కి పంపింది. మేనేజరయ్యాక కూడా చేతి దురద తీరక రెండు గంటలు కూర్చుని రాసిన కోడ్ అది. దాని కింద ఒకే ఒక్క మాట రాసింది. "పుట్టిన తేదీ దగ్గర రేపటి తేదీ ఇచ్చినా ఒప్పేసుకుంటోంది సార్. ఇంకా పుట్టనివాళ్ళకి కూడా మనం సేవలు అందిస్తామా?"

అతనికి ఒళ్ళు మండింది. కాసేపటికి నవ్వొచ్చింది. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

ఆ ఆఫీసులో ప్రతి పనికీ ఒక టిక్కెట్ ఉంటుంది. కోడ్ రాసినవాళ్ళు పనైపోయిందని దాన్ని క్లోజ్ చేస్తారు. టెస్టర్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పు దొరికితే మళ్ళీ తెరుస్తుంది. ఈ అమ్మాయి కంటబడని తప్పంటూ లేదు కాబట్టి టీమంతా ఆమెకి రీఓపెన్ అని పేరు పెట్టేసింది. ఎదురుగానే అలా పిలిచేవారు, ఆమె కూడా దర్జాగా పలికేది.

ఏడాది తిరిగేసరికి అతనికి కొత్త జబ్బు పట్టుకుంది. ఆమె ఏదీ తిప్పి పంపని రోజు ఏమీ తోచేది కాదు. తప్పు దొరికినప్పుడు ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని పెదవి ఓ పక్కకి బిగించేది. క్యాబిన్ అద్దంలోంచి అది చూడ్డం అతనికి రోజూ ఒక పనైపోయింది. ఆమె తలెత్తితే మాత్రం, సీలింగు పాడైపోయిందేమో అన్నంత శ్రద్ధగా పైకి చూసేవాడు. ఆమెకోసం కావాలనే చిన్న చిన్న తప్పులు వదిలాడని అనలేం గానీ, వదల్లేదని ఒట్టు కూడా వెయ్యలేం.

అలా హాయిగా గడిచిపోతుంటే ఇద్దరు పెద్ద కస్టమర్లు కంపెనీని వదిలేసి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా డైరెక్టరమ్మ అందరికీ మెయిల్ పెట్టింది. ప్రతి టీములోనూ ఒక ఉద్యోగం తగ్గాలి. ఎవరికెన్ని మార్కులో ఒక షీట్‌లో వేస్తారు. క్లోజ్ చేసిన టిక్కెట్లని బట్టి యాభై, మేనేజరు వేసేవి యాభై. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఇంటికి.

శుక్రవారం మధ్యాహ్నం అతను తలుపేసుకుని షీట్ తెరిచాడు. ఎనిమిది పేర్లు. అన్నిటికన్నా పైన అతుకుల బాబు ఉన్నాడు. ఆ పెద్దమనిషి ఏ పనీ ఒక్క విడతలో చెయ్యడు. అతుకు వేసి క్లోజ్ చేస్తాడు, అది తిరిగొస్తే ఇంకో అతుకు వేసి మళ్ళీ క్లోజ్ చేస్తాడు. అన్నిటికన్నా కింద టెస్టరమ్మాయి ఉంది. ఆమె పేరు పక్కన సున్నా. మూసినవాటిని తెరవడం తప్ప ఆమె ఒక్కటీ మూసిన పాపాన పోలేదు, ఆమె పనే అది.

ఆమె గట్టెక్కాలంటే తన చేతిలో ఉన్న యాభైకి దాదాపు యాభై వెయ్యాలి. నలభై ఎనిమిది అని కొట్టాడు. కొట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. ఆ నలభై ఎనిమిదీ ఆమె పనికా, ఆమెకా? కళ్ళజోడు లేని, పెదవి బిగించని ఇంకెవరికైనా అన్నే వేసేవాడా? పది నిమిషాలు ఆలోచించాడు. ఎంతకీ తేలలేదు. తేలకుండా మార్కులు వేస్తే, రేపు పోయేవాళ్ళ మొహం ఎలా చూడాలి?

షీట్ చివర హెచ్చార్‌వాళ్ళ ప్రశ్న ఒకటి ఉంది. ఈ పేర్లలో ఎవరితోనైనా మీకు సంబంధం ఉందా? ఉంటే వాళ్ళకి వేరే మేనేజరు మార్కులు వేస్తారు. ఎంచుకోవడానికి ఐదు మాటలిచ్చారు. తల్లిదండ్రులు, తోబుట్టువు, భార్య లేక భర్త, కాబోయే భార్య లేక భర్త, ఏదీ లేదు. ఏదీ లేదని పెట్టడానికి మనసొప్పలేదు. ఉన్నవాటిలో కాస్త దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, కళ్ళు మూసుకుని పంపేశాడు.

అతను ఉండేది అక్కావాళ్ళింట్లో, మేడమీద గదిలో. ఆదివారం పొద్దున్న కిందికి దిగి, వంటింటి గట్టు మీద కూర్చుని జరిగిందంతా అక్కకి చెప్పాడు.

"బాగానే ఉంది. ఇంతకీ ఆ అమ్మాయికి చెప్పావా?" అంది అక్క.

"హెచ్చార్‌కి చెప్పాను."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. హాల్లో బావ మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు గజగజా ఊగింది. పిల్లకన్నా ముందు ఆఫీసుకి చెప్పుకున్నవాణ్ణి ఈ ఇంట్లోనే చూడాల్సొచ్చిందని అక్క వాపోయింది. అది రహస్యంగా ఉంటుందిలే అని తమ్ముడు ధీమాగా చెప్పాడు.

ఆ ధీమా సోమవారం పదింటిదాకా నిలిచింది. సంబంధం ఉందని ఎవరైనా చెబితే, రెండోవాళ్ళకి మెయిల్ దానంతటదే వెళ్తుందన్న సంగతి అతనికి తెలీదు. టెస్టరమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచే పట్టుకుని క్యాబిన్లోకి వచ్చి, బల్ల మీద పెట్టి అతనివైపు తిప్పింది. ఈ ఉద్యోగి తాను మీకు కాబోయే భర్తనని తెలిపారు, అభినందనలు, సాయంత్రం ఐదులోగా ధ్రువీకరించండి. కింద రెండు బటన్లు, అవును, కాదు.

"ఈ పెళ్ళి సంగతి నాకెప్పుడు చెబ్దామనుకున్నారు సార్?"

అతను నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇష్టం అన్న మాట ఆ జాబితాలో లేదని, ఉన్న ఐదింటిలో దగ్గరగా కనబడింది అదేనని.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపే తుడిచింది.

"నాకెన్ని వేసేవారు?"

"నలభై ఎనిమిది. అవి మీ పనికో, మీకో తేల్చుకోలేకపోయాను. అందుకే చెయ్యి ఆగింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. లెక్క ఇద్దరికీ తెలుసు. కాదు అని నొక్కితే ఆమె మార్కులు మళ్ళీ అతని చేతికొస్తాయి, ఉద్యోగం నిలబడుతుంది, అబద్ధం చెప్పినందుకు అతనికి మూడుతుంది. అవును అని నొక్కితే మార్కులు వేసేది కస్టమర్ల ఫిర్యాదులు చూసే సపోర్టు మేనేజరు. ఆయన నవ్వడం ఆ ఆఫీసులో చూసినవాళ్ళు లేరు. ఆమెతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడిందీ లేదు. ఆమె ఇంట్లో నాన్న రిటైరయ్యాడు, తమ్ముడింకా చదువుకుంటున్నాడు, వచ్చేది ఆమె జీతమొక్కటే.

"కాదు అని నొక్కెయ్యండి. నా సంగతి నేను చూసుకుంటాను," అన్నాడతను.

"మీరు చెప్పారు కదాని నేనెప్పుడైనా ఏదైనా వదిలేశానా?" అని ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసంతా ఉలిక్కిపడింది. మార్కుల షీట్ మీదే ఎవరో టిక్కెట్ పెట్టారు. ఎవరో ఏమిటి, ఇంకెవరు పెడతారు! ఒక పనిని నాలుగుసార్లు పాడు చేసి నాలుగుసార్లు క్లోజ్ చేసినవాళ్ళకి ఈ షీట్ నాలుగు వేస్తోంది, ఆ నాలుగు తప్పులూ పట్టుకున్నవాళ్ళకి సున్నా వేస్తోంది. ఈ లెక్కన ప్రతి టీములోనూ ఉన్న ఒకే ఒక్క టెస్టరూ పోతారు, ఆ తర్వాత మిగిలిన కస్టమర్లు కూడా పోతారు. అంతే రాసింది. తన పేరెక్కడా ఎత్తలేదు.

డైరెక్టరమ్మ అది రెండుసార్లు చదివి మేనేజర్లందర్నీ పిలిచింది. అందరికన్నా ముందు నోరు తెరిచింది సపోర్టు మేనేజరే. ఆ అమ్మాయి ఆపినవన్నీ బయటికి పోయుంటే తన వాళ్ళు రోజంతా ఫోన్లో తిట్లు తింటూ కూర్చునేవాళ్ళని, ఆమెకి తను వేసింది యాభైకి యాభై అని, అది ఆమె టిక్కెట్ చూడకముందు, రెండింటికే వేశానని చెప్పాడు. చెప్పి నవ్వాడు కూడా. చూసినవాళ్ళు కాసేపు తేరుకోలేదు.

షీట్ సరిచేశారు. టెస్టర్లందరూ గట్టెక్కారు. ఈ టీములో మాత్రం అతుకుల బాబు అడుక్కి జారాడు. అతనికి నెలల పిల్ల ఉంది, పాపం అతుకులైనా వేళకి వేసే మనిషి. అప్పుడు మన మేనేజరు గొంతు సవరించుకున్నాడు. తన టీమునీ సపోర్టు టీమునీ కలిపేసి సపోర్టు మేనేజరుకి అప్పగిస్తే తన పోస్టే తగ్గుతుందని, కిందటి నెల ఒకతను మానేశాక ఖాళీగా ఉన్న కోడరు కుర్చీకి మనిషిని తీసుకోవడానికి ఎలాగూ అనుమతి ఉందని, అందులో తను కూర్చుంటానని అన్నాడు. జీతం తగ్గుతుందని డైరెక్టరమ్మ హెచ్చరించింది. నిద్ర పెరుగుతుందన్నాడు.

బయటికి వస్తుంటే హెచ్చార్ ఆవిడ అతన్ని ఆపి చెయ్యి కలిపింది. "మొత్తానికి ఆ అమ్మాయి ఒంటిగంటకే 'అవును' అని నొక్కేసింది. పెళ్ళెప్పుడు?"

ఒంటిగంటకి. అంటే టిక్కెట్ పెట్టకముందే, ఎవరెన్ని వేశారో తెలియకముందే. అతనికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

క్యాబిన్ ఖాళీ చేసి కిటికీ పక్క బల్ల దగ్గర సర్దుకునేసరికి బయట వాన మొదలైంది. కోడరుగా మొదటి టిక్కెట్ అప్పటికే వచ్చి కూర్చుంది. "పెళ్ళి విషయం ముందు హెచ్చార్‌కి చెప్పారు. అమ్మాయిని అడగలేదు. తీవ్రత: చాలా ఎక్కువ. ఈరోజే సరిచెయ్యగలరు."

ఆమె కింద, గేటు దగ్గరి రేకుల షెడ్డులో వాన తగ్గేదాకా నిలబడి ఉంది. అతను గొడుగు మర్చిపోయి పరిగెత్తాడు, తడిసి ముద్దయి ఆమె ముందు నిలబడ్డాడు.

"మీ ఉద్యోగం పోయేదేమో. 'అవును' అని ఎందుకు నొక్కారు?"

"'కాదు' అంటే అబద్ధమయ్యేది." ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. "టిక్కెట్ సంగతేమైంది?"

అతను అడిగాడు. రేకుల మీద వాన హోరులో రెండుసార్లు అడగాల్సొచ్చింది. మొదటిసారే వినబడిందని, రెండోసారి ఊరికే అడిగించుకున్నానని ఆమె తర్వాత ఒప్పుకుంది.

"మా నాన్నకి అభ్యంతరం లేదు. మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పేశాను," అంది.

"నేనడక్కముందే? ఇదీ అదే తప్పు కదండీ."

ఈసారి దొరికిన తప్పు ఆమెది. పెదవి బిగించబోయి నవ్వేసింది, ఆ నవ్వుకి అతను వాననీ, అక్కనీ, తగ్గిన జీతాన్నీ మర్చిపోయాడు. ఆమె ఫోన్ తీసి ఏదో నొక్కింది. అతని తడిసిన జేబులో ఫోన్ టింగుమంది. టిక్కెట్ క్లోజ్ అయింది. ఉద్యోగంలో చేరాక ఆ అమ్మాయి పేరు పక్కన సున్నా పోయి ఒకటి పడడం అదే మొదలు.