తోముకునే ముందు అరగంట

“అన్నం తిన్నాక ఎంతసేపటికి తోముకుంటారు?” అడిగింది పళ్ల డాక్టరు.

“వెంటనే. చెయ్యి కడుక్కోవడం, బ్రష్ అందుకోవడం,” అన్నాడు కుర్చీలో వెల్లకిలా పడుకున్న కళ్లజోళ్లబ్బాయి. పక్క షాపులో కళ్లు పరీక్ష చేసేది అతనే. “కస్టమర్ మొహానికి జానెడు దూరంలో నా మొహం పెట్టాలండీ. భోంచేసి, కమలాపండు తిని అలాగే వెళ్తే వాళ్లసలు కళ్లే తెరవరు.”

“అందుకే మీ పళ్లు జివ్వుమంటున్నాయి. పులుపు తగిలితే పంటి పైపొర మెత్తబడుతుంది. అప్పుడే బరబరా తోమితే అరిగిపోదూ? నీళ్లు పుక్కిలించి అరగంట ఆగండి.”

“అరగంట నోరు మూసుక్కూర్చోవాలా?”

“మీ వల్ల అయితే!”

మర్నాడు ఒంటిగంటకు క్లినిక్ వరండాలో ప్రత్యక్షమయ్యాడు.

“షాపులో ఉంటే చెయ్యి బ్రష్ మీదికే పోతోందండీ. మీరే కాపలా కాయాలి.”

ఆమెకు నవ్వాగలేదు.

ఇక రోజూ అదే వరస. ఓసారి జోరువానలో ముద్దగా తడిసి వచ్చాడు.

“పక్క షాపు నుంచి రావడానికే ఇంత తడిశారా?”

“వాన తగ్గేదాకా ఆగితే అరగంటలో పది నిమిషాలు పోతాయి కదా!”

ఆమె తన భోజనం పన్నెండున్నరకే ముగించడం మొదలుపెట్టింది. ఒకటిన్నర కాగానే అతను “వెళ్లొస్తా” అనేవాడు. ఆ మాట విన్నాక, అతను షాపులోకి వెళ్లేదాకా ఆమె చూస్తూ నిలబడేది. చిన్నప్పుడు ఆస్పత్రికి వెళ్తూ అమ్మ అన్నదీ ఆ మాటే. మళ్లీ రాలేదు.

ఒక శుక్రవారం వేరే ఊరి పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె ఏళ్లుగా కోరుకుంటున్న ఉద్యోగం. సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఒంటిగంటకు అతను రాగానే ఆ సంగతి చెప్పేసింది. అతని మొహం వాడిపోయింది. “మంచిదేగా” అని మాత్రం అన్నాడు.

“ఇంకో మాట. మీ దగ్గర ఒకటి దాచాను,” అంది ఆమె, చేతిరుమాలు నలుపుతూ. “మీరు అరగంట ఆగక్కర్లేదు. అన్నానికి ముందే తోముకుని, తిన్నాక పుక్కిలిస్తే సరిపోతుంది. మొదటిరోజు తోచలేదు. రెండోరోజు తోచింది... చెప్పబుద్ధి కాలేదు.”

అతను ఆమె వెనక గోడకున్న పళ్ల జాగ్రత్తల పోస్టర్ చూపించాడు.

“అందులో అట్టడుగు లైన్ అదే. చిన్నక్షరాలు చదివించడమే నా ఉద్యోగం. నేను చదవలేదనుకున్నారా?”

“ఎప్పుడు చదివారు?”

“మీరు దాచడం మొదలుపెట్టిన రోజే.”

ఆమె మొహం ఎర్రబడింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“ఉద్యోగం వదులుకోకండి,” అన్నాడతను. “ఆ ఊళ్లో ఎవరికీ చత్వారం రాదా ఏమిటి? నేనూ వస్తాను. మిమ్మల్ని చూడకుండా ఉండటం నావల్ల కాదు. పెళ్లి చేసుకుందామా?”

ఆమె జవాబు చెప్పకుండా ఫోన్ తీసి నాన్నకు కలిపింది. విషయమంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

అవతల నాన్న గొంతు సవరించుకున్నాడు.

“అబ్బాయి పళ్లెలా ఉన్నాయమ్మా?” అన్నాడు.

“బాగా అరిగిపోయాయి నాన్నా.”

“అయ్యో పాపం! మరి ఎవరు చూసుకుంటారు?”

“నేనే,” అంది.

“సరే అయితే. ఇద్దరూ కలిసి రండి.”