ప్రియదర్శిని జ్ఞాపకార్థ కూడిక

రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్ ముందు గది చిన్నది. ఇరవై మంది కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. 2014 ఆగస్టులో ఆ ఆదివారం సాయంత్రం అంతకంటే ఎక్కువమందే వచ్చారు. మా అమ్మాయి ప్రియదర్శిని పోయి ఏడాదయింది. జ్ఞాపకార్థ కూడిక పెడదామని మావారు దానియేలు అన్నారు. నేను సరే అన్నాను. ఆ ఏడాదంతా ఎవరేమన్నా సరే అనేదాన్ని.

పొద్దుటి నుంచీ వాన. మంచం వెనక గదిలోకి తోసి, కింద చాపలు పరిచాం. కిటికీలు మూసేశాం. తడి గొడుగుల వాసన, ఉడుకుతున్న టీ వాసన. బల్ల మీద ప్రియ ఫొటో. పదో తరగతి హాల్ టికెట్ కోసం తీయించింది. నవ్వొద్దని ఫొటోగ్రాఫర్ చెబితే మూతి బిగించుకుంది. తెలియనివాళ్ళు చూస్తే కోపిష్టిపిల్ల అనుకుంటారు.

ప్రార్థన అయ్యాక పాస్టర్‌గారు, "పాపని తలుచుకుని తలా ఒక మాట చెప్పండి" అన్నారు.

ఎదురింటి అప్పలనరసమ్మగారు మొదలుపెట్టారు. వాళ్ళది పలాస వైపు. "ఊరినించి వచ్చినోలు వారపత్రికలు తెచ్చీవోరు. అందులో సీరియల్ ఈ పిల్లే నాకు చదివీది. దానికి తెలుగు అచ్చరాలు సరిగ్గా రావు. మజ్జలో ఆగి, మామ్మా ఇది 'మ'నా, 'ఘ'నా అని నన్నే అడిగీది. నాకేటి తెలుసమ్మా, చదువుకున్నదాన్నా."

అందరూ కొంచెం నవ్వారు.

మావారు స్కూటీ నేర్పిన సంగతి చెప్పారు. కాలనీ మైదానం దాటి వెళ్ళొద్దంటే, ఊరవతల మందిర్ హసౌద్ దాకా వెళ్ళొచ్చి, నాలుగు నెలల తర్వాత ఒప్పుకుందట. పక్క క్వార్టర్ ప్రీతి, ప్రియ క్లాస్‌మేటు, గోడకి ఆనుకుని కూర్చుంది. "వెనక సీట్లో నేనే ఉన్నానంకుల్" అంది తల వంచుకుని.

తర్వాత అందరూ నా వైపు చూశారు.

"హన్నమ్మా, మీరు" అన్నారు పాస్టర్‌గారు.

నోరు తెరిచాను. పదహారేళ్ళు పెంచిన పిల్ల గురించి ఒక్క మాట గుర్తుకు రాలేదు. ఏడుపూ రాలేదు. లోపల దూది కుక్కినట్టు ఉంది.

అప్పుడే కరెంటు పోయింది.

ఆరున్నర కూడా కాలేదు. కానీ మబ్బుకి గదిలో చాపిన చెయ్యి కనబడలేదు. మావారు అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి తడుముకుంటూ వెళ్ళారు. వరండా రేకుల మీద వాన.

ముందు వాసన వచ్చింది. నేను నర్సుని. ఆ వాసన నాకు తెలుసు. తీవ్రమైన జ్వరంలో ఒంటికి పట్టే చెమట... నాని ఆరిన దుప్పటి...

గోడ వైపు నుంచి ఒక గొంతు అడిగింది.

"నేను చెప్పనా?"

వచ్చిన పిల్లల్లో ఎవరో అనుకున్నాం. పాస్టర్‌గారు కూడా అలాగే అనుకున్నారు. "చెప్పమ్మా" అన్నారు.

"ఆ రోజు మమ్మీకి మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి కట్ చేసింది."



అది నిజం. ఎవరికీ తెలియదు. పిల్లకి మూడు రోజులుగా జ్వరం, మాత్ర వేసి డ్యూటీకి వెళ్ళాను. వార్డులో ఒక ముసలాయనకి ఊపిరి అందడం లేదు. ఫోన్ కట్ చేశాను. తర్వాత చేద్దామనుకున్నాను. ఇంటికొచ్చేసరికి పిల్లకి స్పృహ లేదు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. రెండో రోజు పోయింది. ఆ మూడు కాల్సూ నేనే ఫోన్‌లోంచి తీసేశాను.

"మమ్మీ మీద కోపం లేదు. డ్యూటీలో ఉంది కదా..."

గొంతు తగ్గింది. గుసగుస.

"జ్వరం ఎక్కువైందని చెయ్యలేదు మమ్మీ. ఇంట్లో నాతో ఇంకెవరో ఉన్నారు. అది చెబుదామని చేశాను."

వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వెలగలేదు. మళ్ళీ గీశారు...

కరెంటు వచ్చింది.

అంత ఇరుకులోనూ ప్రీతి పక్కన ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ లేరు. ప్రీతి రెండు చేతులూ ఆ ఖాళీ వైపు చాపి ఉంది.

ఎవరూ టీ తాగలేదు. గొడుగులు తీసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మావారు గుమ్మంలో నిలబడి చాలాసేపు వాన చూశారు.

"ఫోన్ చేసిందా?" అన్నారు.

"చేసింది."

తిట్టలేదు. "ఇంట్లో ఎవరున్నారట?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రీతి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ పనికి వెళ్ళిపోయింది. పిల్ల మంచం మీద ముడుచుకుని ఉంది. నుదురు కాలిపోతోంది. డ్యూటీకి రానని హాస్పిటల్‌కి చెప్పేసి, ఆటో పిలిచి రక్తపరీక్ష చేయించి తీసుకొచ్చాను. మలేరియా లేదన్నారు. తడిగుడ్డ వేస్తూ మంచం మీదే కూర్చున్నాను.

"నిన్న నీతో ఏమైనా అందా?"

"చెయ్యి పట్టుకోమందాంటీ. గట్టిగా. పట్టుకున్నాను."

"తర్వాత?"

"దాని రెండు చేతులూ నా చేతుల్లోనే ఉన్నాయి." ప్రీతి కళ్ళు మూసుకుంది. "అప్పుడు ఇంకో చెయ్యి వచ్చి పైన పడింది."

గుడ్డ మళ్ళీ తడిపి వేశాను. నాకు భయం వేయలేదు. వేయాలని తెలుసు, అంతే. ఆ రోజు ఆ పిల్లని వదిలి వెళ్ళకూడదని మాత్రం తెలిసింది.

మధ్యాహ్నం దాటాక ప్రీతి కళ్ళు తెరిచింది. నన్ను కాదు, నా భుజం పక్కకి చూసింది.

"ఆంటీ, కొంచెం జరుగుతారా..."

"ఎందుకమ్మా?"

"ఆవిడ కూర్చోవాలట."

లేచి ఆ పిల్లని ఎత్తుకుని పరిగెత్తాల్సింది. నేను జరిగాను. ప్రీతికీ ఆ ఖాళీకీ మధ్య ఉండేలా జరిగి కూర్చున్నాను. నా పక్కన పరుపు మెల్లగా కుంగింది.

సాయంత్రానికి ప్రీతికి జ్వరం దిగింది. మళ్ళీ రాలేదు. ఇప్పుడు పెళ్ళయి తిల్దాలో ఉంటోంది. ప్రియ గొంతు మళ్ళీ వినబడలేదు. ఆవిడ ప్రియని వదిలేసిందనే అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు రోజు గడవదు.

నేను ఇప్పుడు మందిర్ హసౌద్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. పొద్దున బస్సు కిటకిటలాడుతుంది. అయినా నా పక్క సీటులో ఎవరూ కూర్చోరు. మొన్న ఒకామె బరువు సంచితో వచ్చి కూర్చోబోయింది. సగం వంగి చటుక్కున లేచింది.

"మాఫ్ కీజియే, చూసుకోలేదు" అంది ఖాళీ సీటుతో.