సొంత సంబంధం ఉన్నవాళ్ళు బయట కూర్చోవాలి

హార్లో బే కళాసమితిలో రెండొందల పన్నెండు మంది సభ్యులు. అందులో నూట తొంభై మంది గీసేది ఒక్కటే బొమ్మ, రేవు చివరనున్న లైట్‌హౌస్. పొద్దుటి ఎండలో లైట్‌హౌస్, సాయంత్రం లైట్‌హౌస్, మంచులో లైట్‌హౌస్. మిగతా ఇరవై రెండు మందీ చందా కట్టి మీటింగుల్లో కాఫీ తాగేవాళ్ళు. పాపం, ఆ లైట్‌హౌస్‌కి కాళ్ళుంటే ఎప్పుడో ఊరొదిలి పారిపోయేది.

ఇంత కళనీ తమలోనే దాచుకుంటే పాపమని, తెలియని జనానికి కూడా కాస్త పంచుదామని మూడేళ్ళ కిందట సమితివారికి దయ పుట్టింది. 'మీ వాకిట్లో కళ' అని పేరు పెట్టి, ఆ పంచే పనికి మారిట్ ఓలాండర్ అనే అమ్మాయిని తీసుకున్నారు. జీతం వారానికి ఇరవై గంటలకి, పని నలభై గంటలు. మారిట్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. కోపం ముక్కు మీదే ఉంటుంది, మనసు మాత్రం వెన్న.

ఆ వాకిలి ఎక్కడంటే, నాలుగో వీధిలో లాండ్రీ. ప్రతి శనివారం అక్కడే క్లాసు. డ్రయ్యర్లో బట్టలు ఆరడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుంది గనక క్లాసు కూడా ముప్పై ఎనిమిది నిమిషాలే. డ్రయ్యర్ కూత పెట్టిందంటే, కాగితం సీతాకోకచిలుకకి రెండో రెక్క అతికినా అతక్కపోయినా జనం లేచిపోతారు.

ఏప్రిల్‌లో ఒక శనివారం, జోరువానలో, మూడు తడి దుప్పట్లు భుజాన వేసుకుని ఒక కుర్రాడు లోపలికొచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మారిట్ చిరునవ్వుతో ఎదురెళ్ళింది.

"మీకు రంగులంటే ఇష్టమా?"

"దుప్పట్లు ఆరడమంటే ఇష్టం."

"ఆరేలోపు ఒక సీతాకోకచిలుక చేద్దాం రండి."

"ఎందుకు?"

మూడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎందుకేమిటి? సరదాగా ఉంటుంది."

"ఆవిడకి సరదాగా ఉన్నట్టు లేదే."

అతను చూపించిన మూల అరవై ఏళ్ళావిడ ఒకామె, బంగాళాదుంపల తొక్క తీస్తున్నట్టు ముఖం పెట్టి కాగితం కత్తిరిస్తోంది.

"గ్లెండా గారా? హోటల్లో గదులు శుభ్రం చేస్తారు. ఆరు వారాలుగా వస్తున్నారు. ఆరు సీతాకోకచిలుకలు చేశారు తెలుసా!"

"ఆవిడకేం కావాలో ఎప్పుడైనా అడిగారా?"

మారిట్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట కనపడకుండా ఒక ఫారం అతని చేతిలో పెట్టింది. 'ఈ కార్యక్రమం మీ జీవితాన్ని ఎలా మార్చింది?' అని అందులో ప్రశ్న. అతను నిలబడే నింపి ఇచ్చేశాడు.

'దుప్పటికి జిగురు అంటింది.'

"ఏం, వెటకారమా?"

"అయ్యో, నిజమండీ. ఇదిగో, మెరుపుల పొడి కూడా అంటింది."

మంగళవారం మారిట్ సమితి బోర్డు మీటింగుకి వెళ్ళేసరికి ఆ మహానుభావుడు బల్లకి అటుపక్క కూర్చుని ఉన్నాడు. పేరు ఎమెట్ డోర్న్. బొమ్మలకి చెక్క ఫ్రేములు కడతాడట. అంతకుముందు వారం సభ్యుల సభలో గోడ కొలత తీసుకుందామని వచ్చి, బాత్రూముకి వెళ్ళొచ్చేలోపు బోర్డుకి ఎన్నికైపోయాడట. కళాసమితిలో పదవులు అలాగే వస్తాయి.

"దుప్పటి బాగుందా?" అంది మారిట్, పళ్ళు కొరుకుతూ.

"మెరుస్తోంది," అన్నాడు ఎమెట్.

ఆ శనివారం దుప్పట్లతో మళ్ళీ వచ్చాడు. తర్వాతి శనివారమూ వచ్చాడు. అవే మూడు దుప్పట్లు.

"మీ ఇంట్లో ఏనుగు పడుకుంటుందా? వారం వారం ఎందుకు మాస్తాయి?"

"దుమ్ము పని గదండీ నాది."

"పడుకునేటప్పుడు కూడా ఫ్రేములు కడతారా?"

"నిద్రపట్టనప్పుడు. ఈమధ్య పట్టడం లేదు."

మారిట్ ఠక్కున తలొంచుకుని, అక్కర్లేకపోయినా జిగురు సీసాలన్నీ వరసగా సర్దింది. చెవులు ఎర్రబడ్డాయి. గ్లెండా కత్తెర ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఉతికి ఉతికి ఆ దుప్పట్లు జల్లెడైపోతున్నాయి బాబూ," అంది. "చెప్పేదేదో చెప్పేస్తే వాటి ప్రాణం సుఖపడుతుంది."

గ్లెండా ఇన్ని వారాల్లో అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి. అదును చూసి, లోపల ముల్లులా గుచ్చుకుంటున్న ప్రశ్న మారిట్ అడిగేసింది.

"గ్లెండా గారూ, నిజం చెప్పండి. మీకు ఈ సీతాకోకచిలుకలు ఇష్టమేనా?"

"లేదమ్మా."

"మరి ఎందుకు చేస్తున్నారు?"

"నువ్వు బాధపడతావని."

ఎమెట్ పగలబడి నవ్వబోయి, మారిట్ ముఖం చూసి దగ్గులోకి దింపేశాడు.

"మరి ఏం చెయ్యాలనుంది మీకు?"

గ్లెండా కత్తెర పక్కన పెట్టింది. "మా హోటల్లో గదికో బొమ్మ ఉంటుంది. వారానికి ఎనభై బొమ్మలకి దుమ్ము దులుపుతాను. ఎనభైయ్యీ లైట్‌హౌసే. అది కాకుండా ఏదైనా సరే. నేను చూసింది గీయాలనుంది."

గీసింది. హోటల్ గదులు, వదిలి వెళ్ళినవాళ్ళు ఎలా వదిలివెళ్ళారో అలాగే. నేలమీద ఏడు తువ్వాళ్ళు. బాత్‌టబ్బులో పిజ్జా డబ్బా. అద్దం మీద లిప్‌స్టిక్‌తో బూతు మాట. పక్కమీద ఎవరో మర్చిపోయిన పిల్లాడి బొచ్చు బూటు ఒకటి, దాన్ని చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది. పెన్సిల్ పట్టిన గ్లెండాని వారం వారం డ్రయ్యర్ కూత పెట్టి పిలిచినా లేచేది కాదు. తడి బట్టలు పట్టుకుని జనం చుట్టూ మూగేవారు.

మారిట్ ఆ బొమ్మలు తీసుకెళ్ళి కళాసమితి హాల్లో, సరిగ్గా లైట్‌హౌసుల మధ్యన తగిలించింది. పన్నెండింటికీ ఫ్రేములు కట్టింది ఎమెట్.

ఇంకేముంది! చూసిన సభ్యులకి కళ్ళు తిరిగాయి. "బాత్రూమా? మా హాల్లో బాత్రూమా?" అని అధ్యక్షురాలు వెర్నా లిండ్‌క్విస్ట్ రెండు రోజులు అన్నం ముట్టలేదని వినికిడి. మూడోనాడు ముట్టుకుని, తీర్మానం రాసింది: 'మీ వాకిట్లో కళ' కార్యక్రమాన్ని మూసివేసి, బొమ్మలు దింపేసి, సభ్యుల చందా సభ్యుల కోసమే వాడాలి. జనానికి కళ పంచుదామనుకున్నారు గానీ జనం దగ్గరా ఉంటుందని వాళ్ళకెవరు చెప్పారు?

మారిట్ వేళ్ళమీద లెక్క పెట్టుకుంది. బోర్డులో తొమ్మిది మంది. మూసెయ్యాలనేవాళ్ళు నలుగురు. వద్దనేవాళ్ళు నలుగురు, పైన ఎమెట్. ఐదు. గట్టెక్కినట్టే. అతన్ని అడగాలన్న ఊహే రాలేదు. ఫ్రేములు కట్టినవాడు బొమ్మలు దింపమంటాడా?

జూన్‌లో మీటింగు. సాయంత్రం ఐదింటికి మళ్ళీ వాన. వెర్నా కళ్ళజోడు సర్దుకుని, ప్రతి తీర్మానం ముందూ చదివే వాక్యం చదివింది.

"ఈ విషయంలో సొంత సంబంధం ఉన్నవాళ్ళు చెప్పి బయటికి వెళ్ళాలి. ఎవరైనా ఉన్నారా? లేరు. ఇక..."

"నేనున్నాను," అని ఎమెట్ లేచి నిలబడ్డాడు.

"నీకేం సంబంధం? ఫ్రేముల డబ్బులు రావాలా?"

"ఫ్రేములు ఊరికే కట్టానండీ. నేను మారిట్‌ని ప్రేమిస్తున్నాను."

హాల్లో ఎవరి చేతిలోనో బిస్కట్ కాఫీలో పడింది. మినిట్స్ రాసే హెరాల్డ్, డెబ్బై నాలుగేళ్ళ నిదానస్తుడు, కలం ఆపి గొంతు సవరించుకున్నాడు.

"అది ఆర్థిక సంబంధమా, ఆర్థికేతర సంబంధమా?"

"ఇంతవరకూ ఆర్థికేతరమే."

"ఇద్దరూ బయటికి!" అంది వెర్నా.

తలుపు మూసుకుంది. కారిడార్లో తడి గొడుగులు, గోడనిండా లైట్‌హౌసులు, మధ్యలో వీళ్ళిద్దరూ. మారిట్ ఉగ్రరూపం ఎత్తింది.

"పది నిమిషాలు ఆగలేకపోయావా? పదంటే పది! ఇన్ని వారాలు దుప్పట్లుతుకుతూ నోరు మూసుకున్నవాడివి, ఇవాళే తెరవాలా?"

"అడిగారు గదా."

"అడిగితే చెప్పేస్తావా! నాకు ఐదు ఓట్లు ఉన్నాయి. ఐదోది నీది. చెయ్యెత్తి, తర్వాత బయట ఎక్కడైనా కాఫీ తాగుతూ చెప్తే నేను వద్దంటానా?"

ఆఖరి మాట నోరు జారిందని ఆమెకీ తెలిసింది. ఎమెట్ మాత్రం సంతోషించే స్థితిలో లేడు.

"నీకు ఐదు లేవు మారిట్. నాలుగే."

"అంటే?"

"నేను మూసెయ్యమనే ఓటెయ్యాలనుకున్నాను."

మారిట్ ఒక అడుగు వెనక్కేసి గొడుగులకి తగిలింది.

"చూడు," అన్నాడు ఎమెట్ గబగబా, "ఇవాళ గెలిచినా రేపు ఆ బొమ్మలు దింపమంటారు. నువ్వు పోట్లాడి పోట్లాడి అలిసిపోయి, మళ్ళీ కత్తెర పట్టుకుని రెక్కలు కత్తిరిస్తావు. వీళ్ళకి కావలసింది బ్రోచర్లో వేసుకోవడానికి నీ నవ్వుముఖం. మూసేస్తే నువ్వు గ్లెండాని తీసుకుని బయటపడతావు, సొంతంగా..."

"ఓహో. నా మేలు కోరి నా ఉద్యోగం ఊడగొడదామనుకున్నావు."

"పైకి చెప్తే అంత బాగా వినపడటం లేదు."

"గ్లెండాకేం కావాలో అడిగావా అని నన్ను కడిగేశావు గదా. నాకేం కావాలో నువ్వడిగావా?"

ఎమెట్ తలొంచుకున్నాడు. "లేదు."

"ఇప్పుడడుగు."

"నీకేం కావాలి?"

"నాకు ఆ శనివారాలు కావాలి!" అంది మారిట్. "మూడేళ్ళు ఉత్త నాటకం ఆడాను. ఇప్పుడే అసలు పని మొదలైంది. పోయినవారం బస్సు డ్రైవరొకాయన తానూ గీస్తానని కాగితం అడిగాడు. ఎవరూ అడగమనలేదు, ఆయనే అడిగాడు. అది వదిలి నేనెక్కడికి బయటపడాలి?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎమెట్‌కి తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పు నాదే," అన్నాడు. "బుద్ధి తక్కువ. ఇకనుంచి ఈ మాట ఎప్పుడొచ్చినా నా ఓటు నీకే, ఒట్టు."

మారిట్ ముక్కు తుడుచుకుంది. "మూసెయ్యాలనుకున్నవాడివి చెయ్యెత్తొచ్చుగా. ఎందుకు లేచావు?"

"ఎత్తేవాణ్ణే. నువ్వు ఎదురుగా కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నావు. ఐదో వేలు దగ్గర నావైపు చూసి నవ్వావు. ఇంక చెయ్యి లేవలేదు. మనసు ఇలా ఉన్నవాడు ఓటెయ్యకూడదనే గదా ఆ రూలు."

తలుపు తెరుచుకుంది. హెరాల్డ్, చేతిలో పుస్తకం.

"నాలుగూ నాలుగూ," అన్నాడు తాపీగా. "సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. కార్యక్రమం ఉంటుంది, బొమ్మలూ ఉంటాయి. వెర్నా గారు రూల్స్ పుస్తకం మూడుసార్లు చదివారు. మూడుసార్లూ అదే ఉంది."

మారిట్ గొడుగుల పక్కనే చతికిలపడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ మనిషి నోరు మూసుకుని ఓటేసుంటే ఐదూ నాలుగు, అంతా అయిపోయేది. పోయిపోయి ఇవాళ నోరు తెరవబట్టి కార్యక్రమం బతికింది.

"ఇంకో సంగతి," అన్నాడు హెరాల్డ్. "మినిట్స్‌లో రాయాలి. ఆ సంబంధం ఒకవైపేనా, రెండువైపులానా? ఒకవైపే అయితే అతని బాధ అతను పడతాడు, వచ్చే నెలనుంచి ఓటెయ్యొచ్చు. రెండువైపులా అయితే నీ కార్యక్రమం మాట వచ్చినప్పుడల్లా బయటికి పోవలసిందే."

మారిట్ లెక్క వేసింది. సెప్టెంబరులో వెర్నా ఇదే తీర్మానం మళ్ళీ తెస్తుంది, తేకపోతే ఆవిడ వెర్నాయే కాదు. అప్పటికి తనకి ఐదో ఓటు కావాలి. అది ఎదురుగా, ఇంకా తడి ఆరని జుట్టుతో, ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది. ఒక్క చిన్న అబద్ధం చాలు.

"రాసుకోండి హెరాల్డ్ గారూ," అంది లేచి నిలబడుతూ. "రెండువైపులా."

"ఓటు పోతుందమ్మా, ఆలోచించుకో."

"పోనీండి," అని మారిట్ ఎమెట్ చెయ్యి పట్టుకుంది. "ఇంకొకరిని ఒప్పించుకుంటాను."