ఎమిలీ పక్క కుర్చీ

అబిడ్స్‌లో మా బావమరిది డెన్నిస్ నడిపే ఇంటర్నెట్ సెంటర్ అంత పొద్దున్నే తెరుచుకునేది నా ఒక్కడి కోసమే. ఇంటర్నెట్‌లో అమెరికావాళ్ల రాత్రి వేలాలు మనకు తెల్లవారాక ముగుస్తాయి మరి. నాకు పాత జాజ్ రికార్డుల పిచ్చి. ఏళ్ల తరబడి ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికినా దొరకనివన్నీ, 2004 నాటికి ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే దొరకడం మొదలైంది. క్రెడిట్ కార్డు డెన్నిస్‌ది, పిచ్చి నాది. "గీ నల్ల పళ్లాల కోసం గింత పొద్దుగాల లేస్తవా బావా?" అని సణుగుతూనే వాడు నాకు చాయ్ తెప్పించేవాడు.

డెన్నిస్ వాళ్ల అక్క ఎమిలీ నా భార్య. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి అప్పటికి రెండేళ్లు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద రెండు గదుల కిరాయి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. అన్నం వండటం నేర్చుకున్నాను గానీ ఒక్కడికి సరిపడా వండటం చేతకాలేదు. రోజూ మిగిలిపోయేది. ఇంటినిండా రికార్డులున్నాయి, ఆమె గొంతు ఉన్న క్యాసెట్ ఒక్కటీ లేదు. ఎవరెవరి గొంతులనో ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకున్నవాణ్ణి, ఇంట్లో ఉన్న గొంతును పట్టి ఉంచుకోవాలని మాత్రం తోచలేదు.

ఆ వానాకాలం మొదట్లో ఒక రికార్డు వచ్చింది. ఏదో దూరదేశపు నగరంలో, నేలమాళిగలోని ఒక క్లబ్బులో, జనం ముందు వాయిస్తుండగా పట్టినది. అట్ట మీద 1961 అని ఉంది. అప్పటికి ఎమిలీ మెదక్‌లో పలక పట్టిన పిల్ల. ఇలాంటి రికార్డుల్లో గ్లాసుల చప్పుడు, కుర్చీల కిర్రు, ఎవరిదో నవ్వు వినబడటం మామూలే. నాకు నచ్చేదీ అదే. ఖాళీ ఇంట్లో నలుగురు కూర్చున్నట్టుంటుంది.

నెమ్మదిగా సాగే పాటలో అందరూ ఆగిపోయి, బేస్ వాద్యం తీగలు మాత్రమే మోగుతున్నప్పుడు ఎవరో దగ్గారు. చిన్నగా రెండుసార్లు... మూడోది కొంగుతో అదిమి మింగేసినట్టు.

చర్చిలో ప్రార్థన మధ్య ఎమిలీ అలాగే దగ్గేది. చివరి నెలల్లో నా పక్కన పడుకుని, నా నిద్ర చెడుతుందని అలాగే మింగేది. ఆ దగ్గు నాకు తెలియకపోవడమేమిటి?

డెన్నిస్‌ను ఇంటికి పిలిచి వినిపించాను. విన్నాక వాడి ముఖం పాలిపోయింది.

"దగ్గు ఎవలదైనా గట్లనే ఉంటది బావా," అన్నాడు.

"ఇంకోసారి విను."

"నాకొద్దు." చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నెల తిరక్కుండానే, అదే క్లబ్బులో అదే రాత్రి పట్టిన రెండో భాగం వేలానికి వచ్చింది. ఈసారి నాకు పాటలతో పని లేదు. దగ్గిన మనిషి మాట్లాడకపోతుందా? ఒక్క మాట చాలు, ఎమిలీ గొంతు ఒక్కసారి వింటే చాలు. చివరి నిమిషంలో ఎవడో పోటీకి దిగాడు. నేను ధర పెంచబోతుంటే డెన్నిస్ మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బావా. అక్కను మట్టిల పెట్టినం. జర పండుకోనియ్యి ఆమెను."

వాడి చెయ్యి తోసేసి నేనే నొక్కాను. రికార్డు నాకే వచ్చింది. డెన్నిస్ ఆ రోజు చాయ్ తెప్పించలేదు.

పార్సిల్ ఒక శనివారం అందింది. మర్నాడు చర్చి ఎగ్గొట్టాను. పట్టపగలే గానీ, ముసురు పట్టి గదంతా మసకగా ఉంది. స్టేషన్ రొద రాకుండా కిటికీలు మూసి, వాటికి దుప్పటి కట్టాను. అట్ట విప్పగానే సిగరెట్ పొగ వాసన గుప్పుమంది. అన్నేళ్ల నాటి పొగ అంత ఘాటుగా ఉండకూడదు. అయినా పట్టించుకోలేదు.

రికార్డును ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించాను. చిటపటలు... పాట... చప్పట్లు. చప్పట్లు సన్నగిల్లాక, చాలా దగ్గరగా ఒక గుసగుస.

"ఈడ కూసోకుండ్రి. మా ఆయన వస్తున్నడు."

ఎమిలీ!

చర్చికి నేనెప్పుడూ ఆలస్యంగానే వెళ్లేవాణ్ణి. ఆమె తన పక్క చోటులో చేతిసంచీ పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ ఈ మాటే చెప్పేది. నేల మీద కూలబడి ఏడ్చాను. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నాళ్లకు నా కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు.

మళ్లీ వినాలని ముల్లు వెనక్కి పెట్టాను. అదే పాట. అవే చప్పట్లు.

"ఇంకా రాలే..." అంది.

రికార్డు మీద ఒకసారి పడిన మాట మారదు. నూరుసార్లు తిప్పినా అదే రావాలి. అసలు అప్పుడే ఆపేసి ఉండాల్సింది. కానీ ఆమె నా కోసమే కదా చూస్తోంది... ముల్లు మళ్లీ వెనక్కి పెట్టాను.

చప్పట్లు. నిశ్శబ్దం. కుర్చీ జరిగిన కిర్రు. ఎవరో బరువుగా కూర్చున్నారు.

"గింత లేటా?" అంది ఎమిలీ. ఆ గొంతులో ఎంత సంబరమో!

"వచ్చిన గద," అంది ఒక మగ గొంతు.

అది నా గొంతు కాదు.

"ఎమిలీ!" స్పీకరును రెండు చేతులా పట్టుకుని అరిచాను. "నేనిక్కడున్నాను! వాడు నేను కాదు! లే... అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్!"

మొదలవుతున్న పాట ఆగిపోయింది. గ్లాసుల చప్పుడూ ఆగింది. రికార్డు మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఎవలో పిలుస్తున్నరు," అంది ఎమిలీ మెల్లగా. "మీకు ఇనిపిస్తలేదా?"

ఎవరిదో ఊపిరి మాత్రం వినబడుతోంది... నిదానంగా... నా మాటలు వింటున్నట్టు.

"ఎవలూ లేరు మిల్లీ," అన్నాడు వాడు. "పాట ఇను."

మిల్లీ అన్నది పెళ్లయిన కొత్తలో ఆమెకు నేను పెట్టుకున్న పేరు. తలుపు వేసుకున్నాకే అలా పిలిచేవాణ్ణి. డెన్నిస్‌కు కూడా తెలియదు.

"ఔ లేండి," అంది ఎమిలీ. ఆమె కుర్చీ వాడి వైపు ఇంకాస్త జరిగిన చప్పుడైంది.